తాళం ఆయన జేబులో, కారు నా చేతిలో

ముందు ఆ టీ కప్పులు కింద పెట్టండి. మధ్యలో ఎవరికైనా పొలమారితే నాకు సంబంధం లేదు. మొన్న ఆదివారం ఏమైందో చెప్తాను. ఒక బటన్ వల్ల, దానికి తోడు నా నోటి వల్ల, మా వదిన కొడుకు పెళ్ళి సంబంధం నడిరోడ్డు మీద పోవాల్సింది. పోలేదు. ఎందుకు పోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు!

మా ఇంట్లో రెండు కార్లని మీకు తెలుసుగా. గొప్పకి కాదమ్మా, పాతది మామయ్యగారు అమ్మనివ్వరు. రైల్వేలో రిటైరవ్వక ముందు కొన్నారట. ఇరవై ఏళ్ళ పైమాటే. దాని తలుపు కొంచెం పైకెత్తి లాగితేనే పడుతుంది. అద్దాలు దింపే హ్యాండిల్ ఒక్కటే మిగిలింది, ఎవరికి ఉక్కపోస్తే వాళ్ళకి అందిస్తాం. స్టీరింగ్ కుడివైపు తిప్పితే హారన్ దానంతటదే మోగుతుంది. రిపేరు చేయిద్దాం అంటే మామయ్యగారు ఒప్పుకోరు. "మలుపులో హారన్ కొట్టాలా వద్దా? అదే కొడుతోంది కదా. మీ కొత్తదానికి ఆ బుద్ధి ఉందా?" అంటారు.

కొత్తది నాది. అంటే ఇద్దరం కలిసి కొన్నాం గానీ నడిపేది నేనే. మెత్తటి సీట్లు, ఏసీ, ముందు పెద్ద స్క్రీను. తాళం దూర్చి తిప్పక్కర్లేదు. అది మన దగ్గర ఎక్కడో ఉంటే చాలు, బటన్ నొక్కితే స్టార్టయిపోతుంది. మొదటిరోజు మామయ్యగారిని కూర్చోబెట్టి నొక్కి చూపించాను. ఆయన అటూ ఇటూ చూసి, "బటన్ నొక్కితే వచ్చేది లిఫ్టమ్మా, కారు కాదు" అని దిగిపోయారు. అప్పట్నుంచి మా ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. పాతదా, కొత్తదా?

సరే, అసలు సంగతికొస్తా. మా ఆయన అక్క, రత్నం వదిన, సామర్లకోట నుంచి వచ్చింది. వాళ్ళబ్బాయి సునీల్‌కి ఇక్కడ రాయ్‌పూర్‌లోనే ఒక సంబంధం. అమ్మాయి పేరు బ్లెస్సీ, బ్యాంకులో పని. వాళ్ళ నాన్న దానియేలు గారు ఉర్లాలో ఏదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా పాస్టరమ్మగారు తెచ్చిన సంబంధం. మాది టాటీబంధ్ వైపు, వాళ్ళది తెలీబంధా, చర్చీలు వేరు, కాబట్టి ఒకరి మొహం ఒకరం చూసింది లేదు. అమ్మాయి ఫోటో వచ్చింది, మా ఆయన ఆయనతో ఫోన్లో మాట్లాడారు, అంతే. ఇంతకుముందు రెండు సంబంధాలు దగ్గరదాకా వచ్చి తప్పిపోయాయి. అందుకని వదిన రైల్లో దారంతా ప్రార్థన చేసుకుంటూనే వచ్చిందట.

"ఈసారైనా తిన్నగా జరగాలే సుగుణా" అంది పొద్దున్న పట్టుచీర కట్టుకుంటూ.

"తిన్నగా జరక్కేం వదినా! మన కొత్త కారులో దిగితే వాళ్ళకే అర్థమవుతుంది" అన్నాను. చూశారా, అక్కడే మొదలు.

మామయ్యగారు తన కారు బయటికి తీశారు. "మనవడి పెళ్ళిచూపులకి నా బండి రాకుండా ఎలా?" అని. "దారిలో ఆగిపోతుంది మామయ్యగారూ" అంటే, "ఆగితే ఆగుతుంది, నాతో చెప్పి ఆగుతుంది. దాని గొంతు మారితే నాకు తెలుసు" అన్నారు. సునీల్ పాపం తాతయ్యకి తోడుగా అందులో ఎక్కాడు, తెల్ల చొక్కా వేసుకుని. నేను, మా ఆయన, వదిన కొత్త దాంట్లో. పళ్ళబుట్ట, స్వీట్ల డబ్బాలు సర్దడానికి మా ఆయనే కారు తెరిచారు. తాళం అలాగే ప్యాంటు జేబులో వేసుకున్నారు. నేను చూడలేదు. చూడాల్సిన అవసరమేముంది? బటన్ నొక్కాను, స్టార్టయింది!

టాటీబంధ్ చౌరస్తా దాకా ఊరేగింపులా వెళ్ళాం. ముందు మామయ్యగారు, వెనక మేము. అక్కడ సిగ్నల్ పడింది. గ్రీన్ వచ్చింది. ముందు కారు కదలదు! వెనక లారీలు, బస్సులు హారన్లతో చంపేస్తున్నాయి. సునీల్ దిగి ఒక్కడే తోస్తున్నాడు.

"నేను వెళ్ళి ఓ చెయ్యి వేస్తా. మీరు ముందు పదండి, నాన్నతో నేనొస్తా" అని మా ఆయన టక్కున దిగిపోయారు. నాకు లోపల ఎంత సంతోషమో! అద్దంలోంచి మామయ్యగారికి చెయ్యి ఊపి మరీ దాటి వెళ్ళాను. "చూశారా వదినా, పాతది పాతదే" అని కూడా అన్నాను.

అంతే. కారు కీక్, కీక్, కీక్ అని మొదలుపెట్టింది. స్క్రీన్ మీద ఏదో ఇంగ్లీషులో వచ్చింది. ఎండ సరిగ్గా దానిమీద పడుతోంది. పైగా నా కళ్ళజోడు పర్సులో, పర్సు వెనక సీట్లో.

"ఏమంటోందే?" అంది వదిన.

"బెల్టు పెట్టుకోమంటోంది వదినా. కొత్త కార్లు అంతే, మనకంటే దానికే మన మీద శ్రద్ధ."

వదిన కంగారుగా బెల్టు పెట్టుకుంది. ఆగింది. కాస్త దూరం పోయాక మళ్ళీ కీక్, కీక్. మా ఆయన దిగుతూ పళ్ళబుట్ట నా పక్కసీట్లో పెట్టారుగా, దాని బరువుకి మనిషి అనుకుంటోందేమోనని బండి పక్కకి ఆపి, ఇంజన్ ఆపకుండానే బుట్టకి బెల్టు కట్టాను. మళ్ళీ కీక్! స్వీట్ల డబ్బాలు తీసి వదిన పక్కన పెట్టి వాటికీ బెల్టు కట్టించాను.

"పాలకోవాకి కూడా బెల్టేంటే? ఇదెక్కడి కారే తల్లీ!" అంది వదిన, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని. ఆమెకి కార్లో కడుపులో తిప్పుతుంది.

"సేఫ్టీ వదినా, సేఫ్టీ!"

అది పాపం గొంతు చించుకుని, నీ మొగుడు తాళం పట్టుకుని దిగిపోయాడే పిచ్చిదానా అని చెప్తోంది. నేనేమో పాలకోవాకి బెల్టు కడుతున్నాను!

తెలీబంధాలో వాళ్ళ వీధి మలుపు దగ్గర ఆపాను. అరగంట ముందే వచ్చేశాం. వెనకవాళ్ళు వచ్చాక అందరం కలిసి వెళ్దామని. "చూడండి వదినా, ఇంజన్ ఆపుతున్నా, ఆపినా ఆపకపోయినా తేడా తెలీదు, అంత సైలెంటు" అని గొప్పగా బటన్ నొక్కాను. ఆగింది. నిజంగానే సైలెంటు. ఆ తర్వాత ఇంకా సైలెంటు.

రెండు నిమిషాలకే లోపల కుంపటి. "ఏసీ వెయ్యవే, చీర తడిసిపోతోంది" అంది వదిన. బటన్ నొక్కాను. ఏమీ లేదు. గట్టిగా నొక్కాను. బొటనవేలుతో నొక్కాను. క్లచ్ తొక్కి నొక్కాను, తొక్కకుండా నొక్కాను, "యేసయ్యా" అనుకుని నొక్కాను. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ చదివాను. తాళం కనబడట్లేదట! ఒకసారి స్టార్టయ్యాక తాళం లేకపోయినా నడుస్తుంది గానీ, ఆపితే మళ్ళీ స్టార్టవ్వదు.

వెంటనే మా ఆయనకి ఫోన్ చేశాను. నా పక్కనే "ట్రింగ్ ట్రింగ్" అని మోగింది. ఛార్జింగ్‌కి పెట్టి వదిలేసి దిగారు మహానుభావుడు! మామయ్యగారి ఫోను ఆదివారం ఇంట్లో బీరువాలో ఉంటుంది, చర్చిలో మోగకూడదని. సునీల్‌కి చేస్తే ఎత్తడు. తర్వాత తెలిసింది, రెండు చేతులతో కారు తోస్తున్నాడట.

ఇంతలో వెనక నీళ్ళ ట్యాంకరు. ఆ వీధిలోకి అది తిరగాలి, సరిగ్గా మలుపులో నేను అడ్డం. డ్రైవరు దిగొచ్చి, "మేడమ్, హటావో న!" అని అరుపులు. తీయడానికి వస్తే తీయనా? తోయాల్సిందే. పదడుగులు తిన్నగా తోస్తే పక్కన ఖాళీ జాగా ఉంది. వదిన కొంగు దోపుకుని వెనక్కి వెళ్ళింది. నేను తలుపు తీసిపెట్టుకుని స్టీరింగ్ పట్టుకున్నాను. రాయిలా ఉంది స్టీరింగ్. కారు అంగుళం కదల్లేదు.

అప్పుడే ఒకాయన వస్తున్నాడు. మోకాళ్ళ దాకా నిక్కరు, చిల్లుల బనీను, భుజం మీద తువ్వాలు, చేతిలో పెరుగు ప్యాకెట్ల సంచి. ఇంత పొట్ట. నేను తల బయటపెట్టి, "భయ్యా, జరా ధక్కా లగా దో!" అన్నాను. ఆయన ఏమీ అనుకోకుండా, "హా హా, క్యోఁ నహీఁ" అని సంచి కారు టాప్ మీద పెట్టి, వదిన పక్కన నిలబడి తోయడం మొదలుపెట్టాడు. ట్యాంకరు డ్రైవరు మాత్రం చేతులు కట్టుకుని సలహాలిస్తున్నాడు.

"కదలట్లేదేంటే సుగుణా?" అని వదిన వెనకనుంచి తెలుగులో.

ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాం. బజార్లో తెలుగులో ఏమన్నా ఎవరికీ అర్థం కాదని మనకో ధైర్యం ఉంటుంది చూడండి. ఆ ధైర్యంతో నేను కూడా గట్టిగానే అన్నాను: "ఎలా కదుల్తుంది వదినా? ఆయన చేతులకంటే ముందు పొట్ట తగుల్తోంది కారుకి! ఆ పొట్ట అంతా గాలే, బలం లేదు."

వదిన నవ్వింది. ఆయన వంచిన తల ఎత్తలేదు. తోస్తూనే ఉన్నాడు. నేను ఇంకో కేక: "జోర్ సే భయ్యా! నాస్తా నహీఁ కియా క్యా?" టిఫిను తినలేదా అని అడిగానండీ, ఆ మనిషిని!

కారు మెల్లగా కదిలింది. వదినకి తోస్తూ తోస్తూ దిగులు. "ఒసేయ్, వాళ్ళు మంచివాళ్ళేనంటావా? అసలు పిల్ల నచ్చితే ఏమనాలి?"

"పిల్ల నచ్చినా మొహంలో కనబడనివ్వకండి వదినా! వెంటనే ఊ అంటే లోకువైపోతాం. ఇంటికెళ్ళి ఆలోచించి చెప్తామనండి. వాళ్ళచేత రెండుసార్లు బతిమాలించుకుందాం."

"అమ్మో, నాకు అలా నటించడం రాదే!"

"రాకపోతే నా మొహం చూడండి. నేను దగ్గితే మీరు మాట్లాడకండి."

కారు పక్కకి చేరింది. ట్యాంకరు వెళ్ళిపోయింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని హిందీలో అడిగాడు, ఎవరింటికి వెళ్ళాలి మేడమ్ అని. "దానియేలు జీ కే ఘర్" అన్నాను. ఆయన నన్నొకసారి, వదిననొకసారి చూశాడు. మీసాల కింద ఏదో కదిలింది. "అచ్ఛా, అచ్ఛా! సీధా జాయియే, నీలా గేట్" అని తిన్నగా ముందుకి చూపించి, గబగబా నడిచి వెళ్ళిపోయాడు. అంత పొట్టతో అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. పెరుగు సంచి కారు టాప్ మీదే మర్చిపోయాడు. పిలిచేలోపు మలుపు తిరిగిపోయాడు.

ఇంకాసేపటికి హారన్ వినబడింది. వీధిలోకి కుడివైపు తిరిగారు కదా, అదే మోగింది. మామయ్యగారి కారు! సునీల్ తెల్ల చొక్కా మీద నల్లగా రెండు చేతుల ముద్రలు. మా ఆయన దిగి, మా మొహాలు చూసి, జేబులో చెయ్యి పెట్టి తాళం బయటికి తీశారు. "సుగుణా... ఇది నా దగ్గరుందేంటి?"

మామయ్యగారు కొత్త కారు చుట్టూ ఒకసారి తిరిగి, "పాపం, లిఫ్టు మధ్యలో ఆగిందామ్మా?" అన్నారు. అంతే అన్నారు. అదే ఎక్కువ బాధించింది.

సరే, తాళం వచ్చింది, కారు బుద్ధిగా స్టార్టయింది, నీలం గేటు ముందు ఆపాం. పెరుగు పాడైపోతుంది, పారేయడం దేనికి, వీళ్ళకే ఇచ్చేద్దాం అని ఒక చేత్తో పెరుగు సంచి, ఇంకో చేత్తో పళ్ళబుట్ట పట్టుకుని లోపలికి నడిచాను. గుమ్మం దగ్గర బ్లెస్సీ వాళ్ళమ్మగారు ఎదురొచ్చారు. పక్కనే మా పాస్టరమ్మగారు. ఆ తల్లి లోపలికి తిరిగి ఎవరినో కేకలేస్తున్నారు: "పెరుగు తెమ్మని పంపితే చేతులూపుకుంటూ వచ్చారేంటండీ? వాళ్ళొచ్చేశారు కూడానూ!"

నా చేతిలో సంచి వైపు చూశాను. సంచి కూడా నావైపు చూసినట్టే అనిపించింది.

లోపలి గదిలోంచి ఒకాయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, తడి జుట్టు, పౌడరు. పొట్ట మాత్రం అదే. చేతులు జోడించి, స్వచ్ఛమైన గోదావరి తెలుగులో, "రండి రండి చెల్లెమ్మా! పెరుగు మీరే తెచ్చారా? ఎంత మంచివారండీ" అన్నారు.

నర్సుగా ఇన్నేళ్ళు పనిచేశాను. కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళని ఎలా పట్టుకోవాలో తెలుసు. నేనే పడిపోతుంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. వదిన నా చెయ్యి గిల్లింది. ఇప్పటికీ కమిలే ఉంది, చూడండి.

కూర్చున్నాం. భోజనాలు వడ్డించారు. ఆయన అందరితో సరదాగా మాట్లాడుతున్నారు, ఆ విషయం మాత్రం ఎత్తరు. ఎత్తితే బాగుణ్ణు, ఈ నరకం తప్పుతుంది అనిపించింది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఆయన స్వయంగా వచ్చి, "ఇంకొంచెం వేసుకోండి చెల్లెమ్మా, పొద్దున్న నాస్తా చేశారో లేదో" అన్నారు. మా ఆయన "ఎంత మర్యాదస్తులో" అని నా చెవిలో!

భోజనాలయ్యాక బ్లెస్సీ వచ్చి కూర్చుంది. మంచి పిల్ల. సునీల్ చొక్కా చూసి, దాచుకోకుండా, "ఇవి చేతి ముద్రలేనా? మీవేనా?" అని అడిగింది. వాడు సిగ్గుపడి, "తాతయ్య కారువి" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. అప్పుడే నాకు తెలిసిపోయింది, ఇది కుదిరిందని. కుదరకపోతే మాత్రం కారణం నేనేనని కూడా తెలిసిపోయింది.

పాస్టరమ్మగారు గొంతు సవరించుకుని, "మరి అబ్బాయి తరఫువాళ్ళు ఏమంటారు?" అన్నారు. వదిన నావైపు చూసింది. సరిగ్గా అప్పుడే నాకు భోజనంలో తాగిన మిరియాల చారు ఘాటుకి దగ్గొచ్చింది. నిజంగా దగ్గు! ఆపుకుంటుంటే ఇంకా వస్తోంది. వదినకి కంగారు పుట్టి, దగ్గినా దగ్గకపోయినా ఇక నావల్ల కాదన్నట్టు, "మాకిష్టమే! మాకు చాలా ఇష్టమే!" అని అరిచినంత పని చేసింది.

దానియేలు గారు కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని అన్నారు. "అదేంటమ్మా? నేనింకా ఒక్కసారి కూడా బతిమాలలేదు కదా. రెండుసార్లు బతిమాలాలని రెడీగా కూర్చున్నాను."

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, మా ఇద్దరికి తప్ప. వదిన మొహం కొంగులో దాచేసుకుంది. నేను లేచి, చేతులు జోడించి, "అన్నయ్యగారూ, నన్ను క్షమించండి. ఆ పొట్ట విషయం..." అని మొదలుపెట్టాను. ఆయన ఇంక ఆపుకోలేక పగలబడి నవ్వారు. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, మొత్తం కథ అందరికీ చెప్పేశారు, నా గొంతు అనుకరిస్తూ. పాలకోవా బెల్టు సంగతి వదినే కలిపింది. వాళ్ళావిడైతే, "ఇరవై ఏళ్ళుగా నేను చెప్తే వినలేదు, మీరు చెప్పారు, ఇకనైనా తగ్గుతారేమో" అని నాకు చేతులెత్తి దణ్ణం పెట్టారు!

తర్వాత దానియేలు గారు వదినతో మెల్లగా అన్నారు. "నాకు మొదట కొంచెం కష్టమే అనిపించిందమ్మా. కానీ ఎండలో పట్టుచీర దోపుకుని కారు తోసే అత్తగారు మా పిల్లకి దొరకడం అదృష్టమే అనుకున్నాను." వదిన ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను గానీ, ఎందుకో ఎవరూ నన్ను ఓదార్చలేదు.

ప్రార్థన చేసి, తేదీ తర్వాత చూసుకుందామని లేచాం. అందరూ గేటు దాకా సాగనంపడానికి వచ్చారు. నాకు పోయిన పరువు కాస్తయినా తిరిగి తెచ్చుకోవాలని ఉంది. ఈసారి తాళం గుప్పిట్లో పట్టుకుని ఎక్కాను. దర్జాగా స్టార్ట్ చేశాను. ఇక రివర్స్ తీయాలి.

పాత కారులో రివర్స్ అంటే సగం మనిషి కిటికీలోంచి బయటికి వేలాడుతూ, "రానీ, రానీ, ఆగు" అని ఎవరో ఒకరు అరుస్తూ ఉండాలి. కొత్త దాంట్లో ఆ బాధ లేదు, వెనక కెమెరా ఉంది. గేరు వేయగానే వెనకదంతా స్క్రీన్ మీదికి వచ్చేస్తుంది. వచ్చింది. గేటు పక్కన గులాబీ మొక్క, కుండీలో. ఎంత అందంగా ఉందో! ఒక్కో ఆకు కనబడుతోంది. ముళ్ళు కనబడుతున్నాయి. అబ్బ, ఎంత క్లియర్ కెమెరా అని చూస్తూనే ఉన్నాను. కుండీ కొంచెం కొంచెం పెద్దదవుతోంది. పెద్దదయ్యే కొద్దీ ఇంకా క్లియర్‌గా అవుతోంది.

ఫట్!

మా ఆయన పరిగెత్తుకొచ్చి కిటికీలో తల పెట్టి, "కుండీ కనబడలేదా సుగుణా?" అన్నారు.

"కనబడకపోవడమేంటండీ," అన్నాను, "మొగ్గ మీద చీమ కూడా కనబడింది!"